బొట్టుకు జాగా చూపిన ఓదెలు మేస్త్రి

దసరా ఇంకా పన్నెండు రోజులు ఉందనగా, పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఓదెలు భార్య సత్తెమ్మ ఫోన్ చేసింది. "అన్నా, మీ మేస్త్రి పోయిండు" అని మాత్రం చెప్పి పెట్టేసింది. నేను బ్రష్షు నోట్లో పెట్టుకొనే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా గోడకు నా సైకిలు ఆనించి ఉంది. దాని ముందు బ్రేకు నాలుగు రోజులుగా అరుస్తోంది. "రేపు తీస్కరాన్రి సార్, నేను చెప్త, మీరు చెయ్యున్రి" అని ముందు రోజు సాయంత్రమే ఓదెలు అన్నాడు. ఆ రేపు వచ్చేసింది. ఆయన బతకడని నాకు ఏడాదిగా తెలుసు. తెలిసి ఉండటం ఎంత పనికిమాలిన సంగతో ఆ వాకిట్లో అర్థమైంది.

చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్ వెళ్లే రోడ్డు పక్కన, రైల్వే గేటుకు ఇవతల, రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లకు పైగా సైకిళ్లు బాగుచేసినవాడు ఓదెలు. తండ్రి బొగ్గుబాయిలో పని కోసం మంచిర్యాల వైపు నుంచి వచ్చాడు. ఓదెలు బాయి క్వార్టర్లలోనే పుట్టి, మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అందువల్ల మూఢనమ్మకాల మీద నేను రాసిన వ్యాసాలను ఆయన షెడ్డులో కూర్చొని నేనే చదివి వినిపించేవాణ్ని. ఆయన వినేది ఒక చెవితోనే. రెండోది చక్రం దగ్గర ఉండేది. ఒకసారి జ్యోతిషం మీద రాసింది చదివాను. దేనికీ ఎవరూ జవాబు చెప్పలేనంత పకడ్బందీగా రాశానని నా నమ్మకం. అంతా విని, "మస్తుగున్నది సార్, గని శాన బిగిచ్చిన్రు. గింత బిగిస్తే మరలు పోతయ్" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి మళ్లీ చూసుకుంటే మూడు పేరాలు కొట్టేయక తప్పలేదు.

చనిపోయినవాళ్లను మర్నాటికల్లా దేవుళ్లను చేసే అలవాటు మనకు ఉంది. దాన్ని జీవితమంతా తిట్టాను. ఓదెలు విషయంలోనూ ఆ పని చేయను. ఆయన ఖర్రా నమిలేవాడు. పొగాకు, పోకచెక్క, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇచ్చే ఆ విషం మీద నేను ఆయనకు ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో గుర్తులేదు. మానేశానని చెప్పి రెండు రోజులకే బుగ్గ ఉబ్బించుకొని కనిపించేవాడు. బుధవారం ఇస్తానన్న సైకిలును శనివారం కూడా ఇచ్చేవాడు కాదు. బ్రేకు డిస్కును వేలితో ముట్టుకున్న గిరాకీని, అతనెంత పెద్దవాడైనా సరే, అందరి ముందూ కసిరేవాడు. వేలి జిడ్డు అంటినా అది అరుస్తుందని ఆయన పట్టుదల. కోఠారి నుంచి వచ్చే ఒక పెద్దమనిషి అలా తిట్లు తిని ఆరు నెలలు ఆ ఛాయలకు రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు రెండు చేతులూ వీపు వెనక కట్టుకొని నిలబడ్డాడు.

నేను ఆయనకు దొరికిపోయింది కూడా డిస్కు దగ్గరే. బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన ఏడాది, మోకాళ్ల నొప్పులకు డాక్టర్లు సైకిలు తొక్కమన్నారు. మా అల్లుడు డిస్కు బ్రేకులున్న సైకిలు కొనిచ్చాడు. చక్రం నడుమ పలుచని ఇనుప బిళ్ల ఉంటుంది. బ్రేకు పట్టగానే రెండు చిన్న ప్యాడ్లు అటూ ఇటూ దాన్ని నొక్కి చక్రాన్ని ఆపుతాయి. నెల తిరక్కముందే అది అరవడం మొదలుపెట్టింది. మా సందులో పడుకున్న కుక్కలు లేచి నిలబడేవి. అరిచే చోట నూనె పోయాలన్నది తలుపు బందుల దగ్గర నేర్చిన విద్య. రెండు చుక్కలు పోశాను. అరుపు పెరిగింది. ఇంకో నాలుగు పోశాను. బ్రేకు పడటమే మానేసింది.

ఓదెలు దగ్గరికి తీసుకెళ్లి, నాసిరకం సరుకును జనం నెత్తిన రుద్దే వ్యాపారం మీద పది నిమిషాలు మాట్లాడాను. ఆయన చక్రం తిప్పాడు, బ్రేకు పట్టాడు, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తెల్లగుడ్డతో డిస్కు తుడిచి ఆ గుడ్డను నా ముక్కు ముందు పెట్టాడు.

"నూనె ఎవరు పోసిన్రు?"

నేనే అన్నాను.

"ఎందుకు పోసిన్రు?"

అరుస్తుంటే పోశానన్నాను.

"లోకమంతటిని ఎందుకు, ఎందుకు అని అడుగుతరట గద సార్. నూనె డబ్బ పట్టుకున్నప్పుడు అడగలేదా?"

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నాకు నవ్వడానికి కొంచెం సమయం పట్టింది. రాపిడితో ఆగాల్సిన చోట రాపిడిని చంపే నూనె పోశాను. పిల్లలకు ఏళ్ల తరబడి రాపిడి పాఠం చెప్పినవాణ్ని. గుడ్డినమ్మకం గుడి మెట్ల మీదే కూర్చుంటుందని అప్పటిదాకా అనుకునేవాణ్ని. ప్రశ్న వేయడం మరిచిన ఏ చేతిలోనైనా అది ఉంటుంది. నా చేతిలో నూనె డబ్బా రూపంలో ఉంది.

తర్వాత ఆయన పనిచేసిన తీరు చెప్పాలి. డిస్కును స్పిరిట్‌తో తుడిచాడు, తుడిచిన ప్రతిసారీ గుడ్డ మడత మార్చాడు. ప్యాడ్లు విప్పి, చదునైన రాతి పలక మీద పాలిష్ పేపరు పరిచి, వాటి మీది మెరుపు పోయేదాకా గుండ్రంగా రుద్దాడు. ప్యాడ్లను పట్టి ఉంచే చిన్న డబ్బీకి ఉన్న బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టుకొమ్మని నాకు చెప్పి, ఒకసారి ఇది, ఒకసారి అది, కొంచెం కొంచెంగా బిగించాడు. అంతటితో అయిపోలేదు. రైల్వే గేటు దాకా పోయి రమ్మన్నాడు. దారిలో ఇరవై సార్లు మెల్లగా బ్రేకు పట్టాలి, బండి పూర్తిగా ఆగకూడదు. ప్యాడు, డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలట. ఈ పని ఆయన ఎవరికీ చేసిపెట్టేవాడు కాదు. "బండి మీది. దానికి మీ చెయ్యి తెల్వాలె" అనేవాడు. బాయి డ్యూటీ దిగి వచ్చిన కార్మికులు, టీచర్లు, కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్న ఆడవాళ్లు, అందరూ ఆ గేటు దాకా పట్టుకుంటూ వదులుకుంటూ పోయి వచ్చేవారు. కొత్తగా ఆ దారిన వెళ్లేవాళ్లకు అదేదో మొక్కు తీర్చుకోవడం అనిపించి ఉంటుంది.

ఆయన నోట ఎక్కువగా విన్న మాట, "తెల్వది, చూద్దాం." ఏం పాడైంది మేస్త్రీ అని ఎవరడిగినా చక్రం తిప్పకముందు అదే జవాబు. ఒక సైకిలును మూడు రోజులు ఉంచుకొని, ప్యాడ్లు మార్చి, డిస్కు మార్చి, అరుపు ఆగకపోతే, నాకు దొరకలేదు, ఇంకొకరికి చూపించుకోండని చెప్పి తిరిగి ఇచ్చేశాడు. ఊళ్లో ఇంకో మెకానిక్ దాన్ని బాగుచేశాడని తెలిసి, మర్నాడు షెడ్డు మూసి అతని దగ్గరికి వెళ్లాడు. చక్రం ఇరుసు వదులైతే కూడా బ్రేకు అరుస్తుందని నేర్చుకొని వచ్చి, దాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. తన ఓటమి కూడా కలిపి చెప్పాడు. ముప్పై ఏళ్లు వేదికల మీద బాబాలతో, స్వాములతో వాదించాను. వాళ్లలో ఒక్కరి నోట తెలియదన్న మాట వినలేదు. నిజం చెప్పాలంటే మా హేతువాదుల వైపు నుంచీ పెద్దగా వినలేదు. నా నోట అసలు వినలేదు.

మా ఇద్దరికీ పెద్ద తగాదా దసరా దగ్గర వచ్చింది. ఇక్కడ దసరాకు పనిముట్లకూ బండ్లకూ పూజ చేస్తారు. సైకిలు కడిగి, నూనె గుడ్డతో మెరిసేదాకా తుడిచి, బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెడతారు. పాత సైకిళ్లకు దానివల్ల నష్టమేమీ లేదు. డిస్కులు వచ్చాకే తంటా మొదలైంది. చక్రం నడుమ గుండ్రంగా తళతళలాడే ఆ బిళ్లను చూస్తే బొట్టు పెట్టడానికే తయారుచేసినట్టు ఉంటుంది. నూనెతో తడిపిన కుంకుమ సరిగ్గా అక్కడ పెడతారు. పండగ మర్నాటి నుంచి ఊరంతా అరుపులే. ఓదెలు షెడ్డు ముందు సైకిళ్ల బారు.

ఒక ఏడు ఊర్జానగర్ నుంచి ఒక తల్లి తన కూతురి సైకిలు తెచ్చింది. పక్కింటివాళ్ల కళ్లు పడ్డాయని, దిష్టి తీసినా అరుపు ఆగలేదని చెప్పింది. నేను లేచాను. దిష్టికి బరువు ఎంత, కంట్లో బయల్దేరి ఇనుము దాకా ఏ దారిన వస్తుంది అని మొదలుపెట్టాను. ఆమె మొహం ఎర్రబడింది. హ్యాండిల్ పట్టుకొని బండి వెనక్కి తిప్పబోయింది. "సార్, జర గా స్పిరిట్ సీస అందుకోన్రి" అన్నాడు ఓదెలు. సీసా ఆయన మోకాలి పక్కనే ఉంది. అందించి కూర్చున్నాను. ఆయన తెల్లగుడ్డతో డిస్కు తుడిచి, అంటిన ఎర్రటి మరకను ఆమెకు చూపించాడు.

"గిది దిష్టి కాదక్కా, మీరు పెట్టిన బొట్టే. దీని జాగ గిది కాదు" అన్నాడు. హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద వేలు పెట్టాడు. "వచ్చేడు గీడ పెట్టున్రి."

ఆమె తల ఊపి, గేటు దాకా పోయి వచ్చి, నావైపు చూడకుండా వెళ్లిపోయింది.

మరుసటి దసరాకు ఓదెలు ఒక పని చేశాడు. పండగ వారమంతా షెడ్డులో కుంకుమ భరిణె పెట్టుకొని, వచ్చిన ప్రతి సైకిలుకూ ముందు గొట్టం మీద తనే బొట్టు పెట్టి పంపాడు. ఒకసారి బొట్టు పడ్డ బండికి ఇంట్లో మళ్లీ పెట్టరని ఆయన ఆలోచన. నాకు ఒళ్లు మండింది. మెకానిక్కు కుంకుమ పంచడమేమిటి? మూఢత్వాన్ని ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట పెడితే అది సంస్కరణ అవుతుందా? ఆయన పేరు ఎత్తకుండా ఆయన మీదే ఒక వ్యాసం రాశాను. పేరు లేదు కదా అని ఆయనకే చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"నా మీదనే గదా?"

"నీ మీదనే" అన్నాను.

"మంచిగనే ఉన్నది. గని సార్, నేను గీడ దేవున్ని బాగుచెయ్యనీకి కూసోలే. బ్రేకు బాగుచెయ్యనీకి కూసున్న."

ఆ దసరా తర్వాత అరుస్తూ వచ్చినవి రెండే సైకిళ్లు. నేను వ్యాసాన్ని అచ్చుకు పంపాను. ఆ రెండు సైకిళ్ల సంగతి అందులో చేర్చలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో ఆయన ప్యాడ్ల మీది దుమ్మును నోటితో ఊదడం మానేసి, గుడ్డతో దులపడం మొదలుపెట్టాడు. నేను చూశాను, ఎందుకని అడగలేదు. తర్వాత స్టూలు మీద నుంచి లేచి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. తర్వాత పొడి దగ్గు. ఖర్రా వల్లే అన్నాను. మానేశాడు, ఈసారి నిజంగానే. దగ్గు మాత్రం మానలేదు. నేనే రైల్లో నాగపూర్ తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరు, చిన్న వయసావిడ, ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. నాకూ వినిపిస్తారా అని ఓదెలు హిందీలో అడిగాడు. ఆమె కొంచెం ఆలోచించి, గొట్టాలు ఆయన చెవులకు తగిలించి, బిళ్లను వీపుకు ఆనించి, ఊపిరి పీల్చమంది. ఓదెలు కళ్లు మూసుకొని విన్నాడు. బ్రేకు దగ్గర చెవి పెట్టినప్పటి మొహమే. కళ్లు తెరిచి నాతో అన్నాడు: "కొత్త ప్యాడు ఇంక అలవాటు గాకముందు గిట్లనే గరగర అంటది సార్."

ఊపిరితిత్తులు కొంచెం కొంచెంగా గట్టిపడిపోతున్నాయని డాక్టరు చెప్పింది. ఎందువల్ల అని అడిగాను. బొగ్గు దుమ్మా? ఆయన ఏనాడూ బాయిలోకి దిగలేదు. ఖర్రానా? కాదంది. అది అవునంటే బాగుండునని, తిట్టడానికి ఏదో ఒకటి దొరికేదని నాకు అనిపించింది. ప్యాడ్ల దుమ్మా, స్పిరిటా, తల్లిదండ్రుల నుంచి వచ్చిందా? అన్నీ ఓపికగా విని, ఈ జబ్బులో చాలామందికి కారణం తెలియదు, ఈయనకూ తెలియదు అంది. మందుతో వేగం తగ్గవచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదంది. నేను గొంతు పెంచాను. కారణం లేకుండా ఏదీ జరగదని ఒక డాక్టరుకు పాఠం చెప్పాను. ఓదెలు నా మోచేయి పట్టుకొని బయటికి తీసుకొచ్చాడు. రైల్లో కూర్చున్నాక అన్నాడు: "ఆమె మంచి మేస్త్రి సార్. తెల్వనిది తెల్వదన్నది."

కారణం పట్టుకుంటే విరుగుడు దొరుకుతుందన్నది నా జీవితమంతటి వాదం. ఇక్కడ రెండూ లేవు. అలాంటి మనిషి పక్కన చంద్రపూర్ దాకా కూర్చొని ఏం మాట్లాడాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు. కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

చివరి నెలల్లో ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. ముక్కుకు సన్నటి పైపు. ఇల్లు షెడ్డు వెనకే కనుక, పైపు సాగినంత మేర గడప దాకా వచ్చి కూర్చొని, గిరాకీలకు నోటితో చెబుతూ వాళ్ల చేతే పని చేయించేవాడు. ఒక ఉదయం నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. పక్కన సత్తెమ్మ, ఆమె చేతిలో నల్లతాడు. విరూర్ వైపు ఒకాయన మంత్రించి ఇస్తాడని ఎవరో చెబితే, ముందు రోజు రైలెక్కి పోయి తెచ్చింది. అలాంటివాళ్ల మీద నేను ఊరూరా సభలు పెట్టాను. నోరు తెరిచాను. సత్తెమ్మ నావైపు తిరిగింది. అన్నేళ్లలో ఆమె నాకు ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

"అన్నా, మీ కాడ ఇంకొకటి ఏమన్న ఉంటే చెప్పున్రి. గిది ఇప్పుడే పొయ్యిల ఏస్త."

నా దగ్గర ఏమీ లేదు. ఆ తాడు పనిచేయదని నిరూపించగలను. దాని బదులు ఆమె చేతిలో పెట్టడానికి ఏమీ లేదు.

ఓదెలు ఎడమ చెయ్యి చాపాడు. "మెడల కడితే పైపుకు తగులుతది, గీడ కట్టు" అన్నాడు. ఆమె తాడు చుట్టింది గాని, ముడి పడలేదు. రెండుసార్లు జారింది. ఆయన నన్ను చూశాడు.

"సార్, ముడి మీరెయ్యున్రి. మీ చేతులు ఊకెనే ఉన్నయ్ గదా."

వేశాను. నాతో వాదించినవాళ్లు ఇది చదువుతారని తెలుసు, నవ్వుకోవచ్చు. ఆ తాడును అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అది కట్టిన పదకొండో రోజున ఆయన పోయాడు. దాన్ని అంటగట్టినవాణ్ని రేపు సభలో నిలదీయమంటే నిలదీస్తాను. ఆ ముడి వేసినందుకు సిగ్గుపడమంటే మాత్రం పడలేను. బొట్టుకు చూపినట్టే ఆయన తాడుకూ జాగా చూపాడు, ఊపిరి వచ్చే దారికి అడ్డం లేకుండా. నేను వ్యాసం రాసి ఖండించింది ఆ పద్ధతినే.

అంతిమయాత్ర రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. గేటు వేసి ఉంది, బొగ్గు గూడ్సు పోతోంది. వెనక సైకిళ్ల మీద వస్తున్న గిరాకీలందరూ ఒక్కసారిగా బ్రేకులు పట్టారు. ఒక్కటీ అరవలేదు, నాది తప్ప.

ఓదెలు లేకుండా దసరా వచ్చి పోయింది. ఈసారి ముందు గొట్టం మీద బొట్టు పెట్టి పంపేవాడు లేడు. మర్నాడు సత్తెమ్మ ఫోన్ చేసింది. షెడ్డు ముందు తొమ్మిది సైకిళ్లు ఉన్నాయి, మేస్త్రి లేడని తెలిసి కూడా వచ్చారు, పొమ్మంటే పోవడం లేదు అంది. వెళ్లాను. దాదాపు అన్ని డిస్కుల మీదా ఎర్రటి మరకలు. ఊర్జానగర్ తల్లి కూడా అక్కడే ఉంది. ఆమె తెచ్చిన సైకిలుకు బొట్టు సరైన చోటే ఉంది. డిస్కు మాత్రం నూనెతో నిగనిగలాడుతోంది.

"ఓదెలన్న చెప్పినట్టు బొట్టు గీడనే పెట్టిన సార్. పండుగ గదా అని నూనెగుడ్డ జర అంతట తిప్పిన" అంది, తప్పు తనదే అన్నట్టు.

లోపలికి వెళ్లి స్పిరిట్ సీసా తెచ్చుకున్నాను. తెల్లగుడ్డలు ఆయన మడిచిపెట్టినట్టే ఉన్నాయి. డిస్కు తుడిచాను, ప్రతిసారీ మడత మార్చాను. ప్యాడ్లను రాతి పలక మీద రుద్దాను. బోల్టులు వదులు చేసి, ఆమెను బ్రేకు పట్టమని, ఒకసారి ఇది, ఒకసారి అది బిగించాను. వేలు డిస్కుకు తగలనివ్వలేదు. ఇరుసు కూడా చూశాను, గట్టిగానే ఉంది. ఆమె గేటు దాకా పోయి వచ్చింది. పోయేటప్పుడూ అరిచింది, వచ్చేటప్పుడూ అరిచింది. ప్యాడ్లు తీసేసి షెడ్డులో ఉన్న కొత్తవి వేశాను. ఈసారి నేనే వెళ్లి, ఇరవై సార్లు పట్టి, తిరిగి వచ్చాను. అరుస్తూనే ఉంది. చక్రం తిప్పి, బ్రేకు పట్టి, చెవి దగ్గరగా పెట్టాను. నాకు అరుపే వినిపించింది. ఆయనకు ఆ అరుపులో ఇంకేదో వినిపించేది.

మిగతా ఎనిమిది మందీ చూస్తున్నారు. గడపలో, ఆయన కూర్చునే చోట, సత్తెమ్మ నిలబడి చూస్తోంది.

"ఏమైంది సార్?" అని ఆ తల్లి అడిగింది.

"తెల్వది" అన్నాను.

నా నోట ఆ మాట రావడానికి ఇంత కాలం, ఒక చావు కావలసివచ్చింది. ఓదెలు ఆ మాట అన్న వెంటనే "చూద్దాం" అనేవాడు. ఆ రెండో మాట కోసం అందరూ నావైపు చూస్తున్నారు. అది రాలేదు. ఖాళీగా ఉన్న ఆయన స్టూలుకు తల వంచి నిలబడ్డాను. ఆయనకు నేను ఇవ్వగలిగిన నివాళి ఇదే, మొదటి మాట వరకే.